బావ ఊరితో కుస్తీ పెట్టుకునే పద్ధతి

మాది మక్తల్ దిక్కు, వాగు ఒడ్డున ఊరు. నాకు పిండి గిర్ని ఉంది. ఒకప్పుడు నేనూ లంగోటి కట్టినవాడినే. ఎడమ భుజం జారిన తర్వాత బరిలోంచి బయటికొచ్చి పద్దుల పుస్తకం పట్టుకున్నాను. పదకొండేళ్లుగా మా ఊరి ఉగాది కుస్తీల లెక్కలు నావే. వాగు దాటితే ఇంకో ఊరు. అక్కడా ఉగాదికే కుస్తీలు. మా అక్కను ఆ ఊరికే ఇచ్చాం, ఆ ఊరి కమిటీలో పెత్తనమంతా మా బావదే. పక్క కమిటీతో పోటీ ఎట్లా ఉంటుందో, పొత్తు ఎట్లా ఉంటుందో నాకు పండుగ భోజనాల దగ్గర దెప్పుళ్లు తింటూనే తెలిసింది.

ఈమధ్య ఊట్కూర్ దిక్కు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, పక్క ఊరోళ్లు గూడ మా తేదీకే పెడుతున్నరు. వాళ్లకంటే పెద్ద ఇనాం పెట్టి పండబెడదామనుకుంటున్నం" అన్నాడు. వద్దు తమ్ముడూ అన్నాను. గిర్ని చప్పుడులో పూర్తిగా చెప్పలేకపోయాను. ఆ చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

మేం ఆ పని చేసి చూశాం. ఒక ఏడాది రెండు ఊర్లూ ఉగాది మర్నాడే పెట్టుకున్నాయి. ఆఖరి కుస్తీకి ఐదు తులాల వెండి కడెం అని వాళ్లు పోస్టర్ వేస్తే మేం ఏడన్నాం. వాళ్లు పదన్నారు. కర్ణాటక నుంచి రావాల్సిన ఒక పేరున్న పహిల్వాన్ మా దగ్గర మూడు వేలు, వాళ్ల దగ్గర మూడు వేలు బయానా తీసుకుని, మూడో ఊరికి పోయి కుస్తీ పట్టాడు. జనం సగం అటు, సగం ఇటు. డప్పు కొట్టేవాళ్లకు కూడా ఉత్సాహం లేదు. మిర్చి బజ్జీల బండివాడు నాలుగింటికే పొయ్యి ఆర్పేసి, "మీ రెండు ఊర్ల పంచాయితీల నా పిండి పులిసిపాయె సేటు" అని నా ముందే గిన్నె బోర్లించాడు. ఆ రోజు తేలిపోయింది, మా కుస్తీలు చూడ్డానికి వచ్చే జనంలో సగం మంది వాగు అవతలివాళ్లేనని.

నాకు ఇంకో పిచ్చి కూడా ఉంది. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అమెరికాలో టీవీ కుస్తీల కంపెనీ, ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ అంటారు) కార్డులు ఆడినవాళ్లకు అర్థమవుతుంది. ఎత్తు, బరువు, ఛాతీ చదివి ఎదుటివాడి కార్డు గుంజుకునే ఆట. కార్డులు చిరిగిపోయాయి గానీ పిచ్చి పోలేదు. ఫోన్ వచ్చాక అట్లాంటి కంపెనీల వెనక కథలన్నీ ఒక్కొక్కటే చదివాను. వాళ్లది ముందే గెలుపోటములు రాసుకున్న ఆట, మనది కాదు. మనూళ్లో అట్లా రాసుకుంటే దాన్ని లాలూచీ కుస్తీ అంటారు, మట్టి మీదే తంతారు. కానీ ఒక కమిటీ పక్క కమిటీతో ఎట్లా బతకాలనే విషయంలో వాళ్లు పడిన తంటాలూ మనవీ ఒకటే. అందుకే మధ్య మధ్య ఆ కథలు కూడా తెస్తాను.

తేదీతో మొదలుపెట్టండి. ఇనాం, పోస్టర్, పహిల్వాన్లు అన్నీ తర్వాత. సంక్రాంతికి ముందే రెండు కమిటీల నుంచి ఇద్దరిద్దరు కూర్చోవాలి. ఇద్దరే. ఐదుగురొస్తే అందులో ఒకడు తప్పకుండా పాత కథ తీస్తాడు. ఎవరి ఊర్లోనూ కూర్చోవద్దు. మేం రాయచూరు రోడ్డు మీద చాయ్ హోటల్లో కలుస్తాం. మొదటిసారి బావ చాయ్ ముట్టకుండానే, "ఏం బామ్మర్దీ, నిరుడు మీ దగ్గర జనం బాగ వచ్చిండ్రంట గదా" అన్నాడు. "మీ దగ్గర ఎంతమంది ఉండిరో అంతే బావా" అన్నాను. నవ్వొచ్చింది ఇద్దరికీ. అక్కడినుంచి పని తేలికైంది.

ఉగాది మర్నాడు ఒక ఏడు మాది, ఒక ఏడు వాళ్లది. రెండో ఊరికి ఆ తర్వాతి రోజు. రాయచూరు, యాద్గిర్, కలబురిగి నుంచి వచ్చే పహిల్వాన్లు ఒక్క బస్సు చార్జీతో రెండు ఊర్లలో పట్టుకుని పోతారు. రాత్రి పడక, అన్నం మొదటి ఊరివాళ్లు చూడాలి, రెండో రోజు పొద్దున టిఫిన్ రెండో ఊరివాళ్లది. తేదీ అనుకునేటప్పుడు సంత రోజు, పదో తరగతి పరీక్షలు, యాసంగి కోతలు చూసుకోండి. కోతలు మొదలైతే బరిలో దిగేవాడూ ఉండడు, చూసేవాడూ ఉండడు.

ఒక హెచ్చరిక. తేదీల దగ్గర కుదిరిన పొత్తు నెమ్మదిగా గుత్తగా మారుతుంది. 1948లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని వాటర్లూ అనే ఊర్లో కొందరు ప్రమోటర్లు ఇట్లాగే కూర్చుని నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ పెట్టుకున్నారు. ఎవరి ప్రాంతంలో వాళ్లే షోలు వేసుకోవాలి, అందరికీ కలిపి ఒకడే చాంపియన్, అతను ఊరూరూ తిరగాలి. అక్కడిదాకా బాగానే ఉంది. తమ మాట వినని రెజ్లర్‌కు ఎక్కడా పని దొరక్కుండా చేయడం, బయటి ప్రమోటర్‌ను తొక్కడం కూడా అందులో చేరాయి. చివరికి అక్కడి న్యాయశాఖ పట్టుకుంటే, 1956లో ఆ పద్ధతులు మానేస్తామని రాసిచ్చారు. మేం చేసింది కూడా అంతకంటే గొప్పేమీ కాదు. బస్సు చార్జీ ఎక్కువ అడిగాడని ఒక కుర్రాణ్ని రెండు ఊర్లూ కలిసి రెండేళ్లు పిలవలేదు. వాళ్ల ఉస్తాద్‌కు (కుస్తీ నేర్పే గురువుకు) కోపం వచ్చి ఆ తాలీం (కుస్తీ బడి) నుంచి పద్నాలుగు మంది పిల్లలను పంపడం మానేశాడు. మళ్లీ మా బావ, నేను శాలువా పట్టుకుని వాళ్లింటికి పోయి కూర్చోవాల్సి వచ్చింది. పొత్తు తేదీల వరకే ఉంచుకోండి, మనిషి పొట్ట మీదికి తేవద్దు.

పహిల్వాన్ల సంగతి. 1983 చివర్లో హల్క్ హోగన్ అనే రెజ్లర్ అమెరికాలోనే మిన్నియాపోలిస్‌లో ఉన్న కంపెనీ వదిలి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు పోయాడు, 1984 జనవరి 23న న్యూయార్క్‌లో చాంపియన్ బెల్టు గెలిచాడు. ఆ రోజుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్ ఇట్లా ఊరికొకణ్ని లాక్కుంటూ పోతుంటే చిన్న కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన దగ్గర అంత పెద్ద చేప లేదు గానీ బుద్ధి అదే. దీనికి మందు చాలా చిన్నది. రెండు కమిటీల లెక్కలవాళ్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. ఎవరికి బయానా ఇచ్చినా ఆ రోజే పేరు, ఊరు, మొత్తం అందులో పెట్టాలి. మా గ్రూపులో మేం నలుగురమే ఉంటాం, గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు పెట్టడానికి వీల్లేదు. ఇద్దరి దగ్గరా బయానా తీసుకోవడం ఆ ఏడాదితో ఆగిపోయింది.

ఇక అసలు పని, జోడీలు కలపడం. పొత్తు నిలవాలన్నా పోవాలన్నా ఇక్కడే.

కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలని పెద్దలు అన్నారు గానీ, సమ ఉజ్జీ అని చూసి చెప్పడం అంత సులువు కాదు. పొద్దున పదింటికే పేర్లు రాసుకోండి. మా గిర్ని కాటాను ట్రాలీలో వేసుకుని మైదానానికి తెస్తాను. మొదటి ఏడు బావ దాన్ని చూసి "ఈ కాటాతోనే కదా మా అక్కలకు జొన్నపిండి తూకం తక్కువిచ్చేది" అన్నాడు. సరే, ఏదైనా బస్తా పెట్టి పరీక్ష చేద్దామంటే ఎవరో యూరియా బస్తా మోసుకొచ్చారు. కాటా 45 చూపించింది. "చూసిండ్రా, అయిదు కిలోలు మింగింది" అని ఒకటే అల్లరి. యూరియా బస్తా 50 కిలోల నుంచి 45కు తగ్గిందన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ గుర్తు రాలేదు. చివరికి ఒక రైతు బస్తా మీది అంకె చదివి వినిపిస్తే చల్లబడ్డారు. అప్పటినుంచి మూతి విప్పని సిమెంటు బస్తా, 50 కిలోలది, ఇద్దరు ఉస్తాద్‌ల ముందు కాటా మీద పెట్టాకే పిల్లలను ఎక్కిస్తాం.

పదిహేనేళ్ల లోపు వాళ్లకు రెండు కిలోల తేడా దాటనివ్వం. పెద్దవాళ్లకు ఐదు వరకు చూస్తాం. కానీ కాటా చెప్పేది సగమే. మిగతా సగం చెవులు చెబుతాయి. చెవి నలిగి, గట్టిపడి ముద్దలా ఉన్నవాడు ఏళ్ల తరబడి తాలీంలో తల రుద్దుకున్నవాడు. వాడు ఎంత బక్కగా ఉన్నా సరే, నున్నటి చెవులున్న కుర్రాడితో కలపవద్దు. ఆ తర్వాత ఇద్దరినీ మధ్యలో నిలబెట్టి చేతులు కలపమంటారు. ఉస్తాద్ వాళ్ల మణికట్టు పట్టి చూస్తాడు, మెడ వెనక ఒక దెబ్బ చరుస్తాడు. చరిస్తే మెడ కదలకుండా ఉన్నవాడికి ఒక మెట్టు పైజోడీ. ఇద్దరు ఉస్తాద్‌లూ తల ఊపితేనే జోడీ. ఒకరు వద్దంటే కారణం అడగవద్దు, ఇంకో పిల్లవాణ్ని పిలవండి.

ఇక్కడ మేం చేసిన పాడుపని చెప్పకపోతే అబద్ధమవుతుంది. పొత్తు కుదిరిన మొదటి ఏడు మా మైదానంలో "మా ఊరు, మీ ఊరు" అని తొమ్మిది కుస్తీలు పెట్టాం. జోడీలు మావాళ్లే కలిపారు. వాళ్ల కొత్త పిల్లల మీద మా ముదురు పిల్లలు. తొమ్మిదిలో ఎనిమిది మేమే గెలిచాం. ఊరంతా ఊరేగింపు, గులాల్. మరుసటి రోజు వాళ్ల మైదానంలో దిగడానికి వాళ్ల ఊరి పిల్లలు ఒక్కరూ ముందుకు రాలేదు. జనం వచ్చారు, కూర్చున్నారు, లేచిపోయారు.

జపాన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 1995 అక్టోబర్ 9న టోక్యో డోమ్‌లో న్యూ జపాన్ కంపెనీ, యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్ కంపెనీ ఎదురెదురుగా దిగాయి. స్టేడియం నిండిపోయింది. ఆఖరి కుస్తీలో న్యూ జపాన్ మనిషి కేజీ ముటో అవతలి కంపెనీ పెద్దదిక్కు నొబుహికో తకాదాను కాలి పట్టుతో లొంగదీశాడు. అక్కడ ఎవరు గెలవాలో కూర్చుని నిర్ణయించుకునేదే కదా, అయినా పెద్ద కంపెనీ తనవైపే ఎక్కువ రాసుకుంది. యూడబ్ల్యూఎఫ్ ఇంటర్నేషనల్ 1996 డిసెంబర్‌లో మూతపడింది. అప్పటికే డబ్బు ఇబ్బందుల్లో ఉన్న కంపెనీ అది, నిజమే. కానీ మనిషి పరువు పోయాక టికెట్టు కొనేవాడెవడు?

దీనికి ఎదురు కథ ఫిలడెల్ఫియాలో ఉంది. రింగ్ ఆఫ్ హానర్ ఒకటి, కంబాట్ జోన్ రెజ్లింగ్ ఇంకొకటి. రెండూ చిన్న కంపెనీలు, రెండింటినీ చూసేవాళ్లు కూడా చాలావరకు ఒకే జనం. ఒకరిది పట్టుల మీద నడిచే ఆట, ఇంకొకరిది రక్తాల ఆట. ఒకరినొకరు తిట్టుకుంటూ రెండు కంపెనీలకూ జనాన్ని పెంచుకున్నారు. 2006 ఏప్రిల్ 22న రింగ్ ఆఫ్ హానర్ తన నూరో షోలో, తన సొంత ఇంట్లో అవతలివాళ్లను గెలవనిచ్చింది. జూలైలో పంజరం కుస్తీలో రింగ్ ఆఫ్ హానర్ గెలిచింది. ఇది చదివిన రాత్రి నేను బావకు ఫోన్ చేశాను. "పన్నెండు దాటింది, ఎవరన్న పోయిండ్రా ఏంది" అన్నాడు.

గెలుపును మనం పంచలేం, అది లాలూచీ. పంచగలిగేది జోడీలు కలిపే హక్కు. అందుకే ఇప్పుడు మా మైదానంలో ఊరూరి (ఊరికీ ఊరికీ మధ్య) జోడీలు వాళ్ల ఉస్తాద్ కలుపుతాడు, వాళ్ల మైదానంలో మా ఉస్తాద్. కలిపేవాడు తన పిల్లలకు అన్యాయం చేసుకోడు, ఎదుటి ఊరి గడ్డ మీద నిలబడి మరీ మోసం చేయడానికి ధైర్యమూ చాలదు. ఈ మార్పు తర్వాత నాలుగేళ్లలో ఒక్క ఊరు కూడా ఆరుకు మించి గెలవలేదు.

సమానంగా ఆగిపోయే కుస్తీలతో జాగ్రత్త. ఏడు నిమిషాల్లో తేలకపోతే ఇనాం చెరి సగం అని పెట్టామా, పిల్లలు మెడలు పట్టుకుని ఏడు నిమిషాలు అట్లాగే నిలబడటం నేర్చుకున్నారు. ఇప్పుడు తేలకపోతే ఒక్కొక్కరికి పావు వంతే, మిగతా సగం రెండు ఊర్ల ఉమ్మడి డబ్బాలోకి. కుస్తీలు వెంటనే తేలడం మొదలైంది.

ఊరూరి కుస్తీకి రిఫరీ మూడో ఊరివాడే ఉండాలి. లంగోటి విప్పి ఇరవై ఏళ్లయిన ముసలి ఉస్తాద్ దొరికితే అంతకంటే అదృష్టం లేదు. రెండు భుజాలూ మట్టికి తాకితేనే చిత్తు అని మైకులో ముందే చెప్పించండి. మైకు పట్టినవాడి నోటితోనే సగం గొడవలు మొదలవుతాయి. బావ బామ్మర్దుల ఎకసెక్కాలు ఎన్నైనా ఆడనివ్వండి, జనం దానికే వస్తారు. కులం, పార్టీ, ఆడవాళ్ల మాట వస్తే మైకు వైరు పీకేయడమే. మేం జనరేటర్ దగ్గర దానికోసం ఒక మనిషిని పెడతాం, వాడికి కుస్తీ మీద ఇష్టం ఉండకూడదు.

మట్టి సంగతి కొంచెం. మా దిక్కు ఎర్రమట్టి, వాగు అవతల నల్లరేగడి. రేగడిలో బరి వేస్తే తడికి జిగురు, ఎండకు పెళ్లలు. మోకాళ్లు చీరుకుపోతాయి. అందుకని ఏటా రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి మేం పంపుతాం, రెండు రోజులూ నీళ్ల ట్యాంకర్ వాళ్లది. నాలుగు రోజుల ముందే మట్టిని జల్లెడ పట్టాలి. గాజు పెంకు, సీసా మూత, ముల్లు చేతితో వెతికి తీయాలి. జానెడు లోతున పరిచి, పసుపు, మజ్జిగ, నూనె కలిపి, నీళ్లు చిలకరించి ఒక రాత్రి వదిలేస్తాం. పొద్దున గుప్పెట్లో పిసికితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. మా అక్క జొన్నరొట్టెల పిండి చూసే పద్ధతి కూడా అదే.

పోలీసు స్టేషన్‌లో అర్జీ, పంచాయతీ తీర్మానం, కరెంటుకు తాత్కాలిక కనెక్షన్ ఎవరి ఊరివి వాళ్లు చూసుకోవాలి. 108 బండి మైదానం దాకా వచ్చే దారికి అడ్డంగా అంగళ్లు పెట్టనివ్వద్దు. మెడ దెబ్బ తగిలిన పిల్లవాణ్ని నీళ్లు చల్లి లేపవద్దు.

పైసలు. 1988 డిసెంబర్‌లో అమెరికాలో మూడు నాలుగు కంపెనీలు కలిసి సూపర్‌క్లాష్ అని ఒక పెద్ద షో వేశాయి. అందులో గెలిచిన జెర్రీ లాలర్ అనే రెజ్లర్ తనకు రావాల్సిన డబ్బు రాలేదని అలిగి, బెల్టు తిరిగి ఇవ్వనన్నాడు. కలిసినవాళ్లంతా విడిపోయారు. ముందుగా కాయితం రాసుకోకపోతే అంతే. మా కాయితం ఒక పేజీ. అందులో ముఖ్యమైన వాక్యాలు ఇవి: "చందాలు ఎవరి ఊరివి వారివి. అంగళ్ల కిరాయి ఎవరి మైదానానిది వారిది. మైకు, రిఫరీ, దవాఖాన ఖర్చు చెరి సగం. బయటి పహిల్వాన్ల బయానా చెరి సగం. ఎవరైనా దాత మైకులో ఇనాం చదివించి ఇవ్వకపోతే ఆ ఊరి కమిటీయే పహిల్వాన్‌కు ఇవ్వవలెను." ఈ ఆఖరిది మా దగ్గర ఐదు వేలు పోగొట్టుకున్నాక రాసుకున్నది. మైకులో అరిచిన దాత ఎవరో రాయను. ఇప్పటికీ గిర్నికి వస్తాడు.

రెండు ఊర్లకూ కలిపి ఒక గద ఉంది, ఇత్తడి తొడుగుది. ఊరూరి కుస్తీల్లో ఎక్కువ గెలిచిన ఊరు ఏడాది పాటు ఉంచుకోవచ్చు. ఉంచుకునేవాళ్లు ఐదు వేలు డిపాజిట్ కట్టాలి, గద వాపసు తెచ్చిన రోజే ఆ డిపాజిట్ అక్కడికక్కడ తిరిగిచ్చేయాలి. 1991లో చాంపియన్‌గా ఉన్న రిక్ ఫ్లేర్ అనే రెజ్లర్‌ను డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీ తీసేసింది. అతను బెల్టు కోసం కట్టిన 25,000 డాలర్ల డిపాజిట్ మాత్రం తిరిగివ్వలేదు. అతను ఆ బెల్టు తీసుకుని నేరుగా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ టీవీలో కనిపించాడు, "అసలైన చాంపియన్‌ను నేనే" అని. మా గద అంత దూరం పోలేదు. ఒక ఏడు బావ ఇంటికి పోతే మా అక్క దాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

పిల్లలకు ఈ వైరం ఎంతవరకో చెప్పడం కష్టమే. 2023 సెప్టెంబర్ 8న మా మేనల్లుణ్ని తీసుకుని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి డబ్ల్యూడబ్ల్యూఈ చూడ్డానికి పోయాను. జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా దిగారు. 2015లో రోలిన్స్ మోకాలు తగిలి సీనా ముక్కు పగిలిన వీడియో వీడు వంద సార్లు చూశాడు. "మామా, పడనోళ్లు గదా వీళ్లు, ఒక్క దిక్కు ఎట్ల ఉన్నరు?" అని అడిగాడు. ఎదురుగా ఉన్న జట్టును చూపించాను. అప్పటినుంచి నారాయణపేట, రాయచూరు దిక్కు కుస్తీలకు మా రెండు ఊర్ల పిల్లలను ఒకే టాటా ఏస్‌లో పంపుతున్నాం. డీజిల్ చెరి సగం. బండిలో పాటల గురించి కొట్టుకుంటారు, బరి దగ్గర ఒకడి చెమట ఒకడు తుడుస్తాడు.

లెక్కలు మాత్రం రెండో రోజు రాత్రే, మైదానం మీద లైట్లు ఆర్పకముందే తేల్చుకోండి. తెల్లారితే గుర్తులు మారతాయి. వచ్చే ఏడు తేదీ ఎవరిదో ఆ కాయితం కిందే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మొన్న ఉగాదికి అంతా తేలింది, ఒక్క జనరేటర్ డీజిల్ తప్ప. బావ నాకు ఇంకా 340 రూపాయలు ఇవ్వాలి. పోయిన వారం అక్క దగ్గర అడిగితే, రెండు కిలోల జొన్నపిండి ఉద్దెరకు తీసుకుని రమ్మని ఆయనే పంపాడని చెప్పింది.